సెల్ఫ్ అందుకోని కారు, నిద్ర పట్టని ఇల్లు

కెనడాలోని విన్నిపెగ్ నుంచి ఒక సోదరి రాసిన ఆరు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇక్కడ ఇస్తున్నాను. నాలుగేళ్లు బ్రాంప్టన్‌లో ఉన్న ఈ దంపతులు భర్త ఉద్యోగం కోసం నిరుడు జులైలో విన్నిపెగ్‌కు మారారు. ఆగస్టులో భర్త స్నేహితుడి దగ్గర, ఇంట్లో అందరూ ‘అన్నయ్య’ అని పిలుచుకునే మనిషి దగ్గర, 2012 నాటి పెట్రోలు కారును 7,500 డాలర్లకు కొన్నారు. నవంబరు దాకా దానితో ఏ ఇబ్బందీ రాలేదు. డిసెంబరు రెండో వారం నుంచి మాత్రం, చలి మైనస్ 25 డిగ్రీల కన్నా దిగిన ఉదయాల్లో కారు మొరాయించడం మొదలుపెట్టింది. ఈమె వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తారు. ఉదయం ఏడింటికల్లా అక్కడ ఉండాలి. కారులో తొమ్మిది నిమిషాల దారి. ఇప్పటికి నాలుగుసార్లు ఆలస్యమైంది, నాలుగోసారి పై అధికారి రాతపూర్వకంగా హెచ్చరించారు. మూడుసార్లు అదే భవనంలో ఉండే ఒక పెద్దాయన తన ట్రక్కు తెచ్చి కేబుళ్లు తగిలించి బండిని లేపారు. మూడోసారి వెళ్తూ వెళ్తూ “దీన్ని ఎవరికైనా చూపించండి” అన్న మాట ఈమెకు ముల్లులా గుచ్చుకుంది. మెకానిక్కుకు చూపిస్తే బ్యాటరీ బాగానే ఉందని, స్టార్టరూ (ఇంజనును తిప్పి లేపే మోటారు), ఆల్టర్నేటరూ (ఇంజను నడుస్తుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది) మార్చాలని, 1,150 డాలర్లవుతుందని చెప్పారు. ఏలూరులో ముప్పై ఏళ్లు లారీలు నడిపిన మామగారు, రాత్రి మూడు గంటలకోసారి లేచి పది నిమిషాలు ఇంజను ఆన్‌లో ఉంచమని ఫోనులో సలహా ఇచ్చారు. దంపతులిద్దరూ వంతులు వేసుకుని అలారం పెట్టుకుని లేస్తున్నారు, చంటిబిడ్డ కూడా లేస్తోంది. అలా లేచిన రోజుల్లోనూ రెండు ఉదయాలు కారు కదలలేదు. దీన్ని వదిలించుకుని అప్పు మీద కొత్తది కొందామని భర్త అంటున్నారు. అన్నయ్య అన్నీ తెలిసే అంటగట్టాడని ఈమె అనుమానం. సంక్రాంతికి వాళ్లు భోజనానికి పిలిస్తే తలనొప్పని చెప్పి వెళ్లలేదు. “తప్పు బండిదా, అమ్మిన మనిషిదా, మాదా? ముందు ఏం చేయమంటారు?” అన్నది ప్రశ్న.

అమ్మా, మీ ఆరు పేజీల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చినవి రెండు వాక్యాలు. రెండింటినీ మీరు ఏదో మాటల్లో మాటగా రాసేశారు. మొదటిది చప్పుడు గురించి: “తాళం తిప్పితే ముందు గుర్ర్... గుర్ర్... అని బరువుగా లాగుతుంది, తరువాత ఎదురుగా ఉన్న లైట్లు మసకబారి టకటకటకమంటుంది, అంతే.” రెండోది మూడో పేజీ అడుగున ఉంది: “ముందు జాలీ లోంచి ఒక నల్లటి తీగ వేలాడుతోంది, చివర మూడు పిన్నుల ప్లగ్గు ఉంది, ఏదో ఊడిపోయిందనుకుని మా వారు జిప్ టైతో కట్టేశారు.” ఆ తీగ దగ్గరికి తరువాత వస్తాను.

ముందు చప్పుడు సంగతి. స్టార్ట్ కాని కారు ఊరికే స్టార్ట్ కాకపోవడం ఉండదు, ఎందుకు కాలేదో చప్పుడుతో చెబుతుంది. తాళం తిప్పగానే ‘టక్’మని ఒకే ఒక్క దెబ్బ వినిపించి, లైట్లు మాత్రం నిండుగా వెలుగుతూనే ఉంటే, అనుమానం స్టార్టరు మీదికి వెళుతుంది. ఇంజను మామూలు వేగంతో గిరగిరా తిరుగుతూ కూడా అందుకోకపోతే పెట్రోలు అందడం లేదనో, ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టడం లేదనో అర్థం. మీది ఈ రెండూ కాదు. బరువుగా లాగడం, లైట్లు మసకబారడం, ఆపైన టకటకలాడడం, ఈ మూడూ ఈ వరుసలో వచ్చాయంటే స్టార్టరుకు చాలినంత కరెంటు చేరడం లేదన్న మాట. అంటే బ్యాటరీ శక్తి చాలడం లేదు, లేదా బ్యాటరీ నుంచి వెళ్లే తీగల బిగింపు దగ్గర అడ్డు ఉంది. పెద్దాయన ట్రక్కు తగిలించిన మూడుసార్లూ ఇంజను వెంటనే అందుకుందని మీరే రాశారు. స్టార్టరు నిజంగా పాడై ఉంటే ఆ ట్రక్కు కరెంటు కూడా దాన్ని అంత తేలిగ్గా తిప్పగలిగేది కాదు. కాబట్టి మెకానిక్కు చెప్పిన 1,150 డాలర్ల పనిని ఇప్పటికి పక్కన పెట్టండి. ఆయన మోసగాడని నేననడం లేదు. ఆయన చేసిన పరీక్షలో ఒక లోపం ఉంది.

మీరు కారును మంచి ఎండ కాసిన మధ్యాహ్నం నలభై నిమిషాలు నడిపి షెడ్డుకు తీసుకెళ్లారు. అది అక్కడ వెచ్చటి గదిలో రెండు గంటలు నిలబడింది. అప్పుడు మీటరు పెట్టి చూస్తే అలసిపోయిన బ్యాటరీ కూడా 12.6 వోల్టులు చూపించి నిగనిగలాడుతుంది. కడుపునిండా తిని నీడన కూర్చున్న మనిషిని చూసి, ఇతను మండుటెండలో మూట మోయగలడని తేల్చడం లాంటిదే ఇది. బ్యాటరీ లోపల జరిగేది రసాయనిక చర్య. చల్లబడే కొద్దీ అది మందగిస్తుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గరే మంచి బ్యాటరీ తన బలంలో దాదాపు సగం కోల్పోతుంది. సరిగ్గా ఆ సమయానికే ఇంజను ఆయిల్ ఫ్రిజ్‌లో పెట్టిన ఆముదంలా చిక్కబడి, ఇంజనును తిప్పడానికి మామూలు కన్నా ఎక్కువ బలం అడుగుతుంది. ఇచ్చేవాడి చేయి కురచబడిన రోజే అడిగేవాడి చేయి పొడవవుతుంది. మైనస్ 8లో బ్రహ్మాండంగా లేచిన మీ కారు మైనస్ 30లో లేవకపోవడానికి ఇంతకన్నా పెద్ద రహస్యం ఉండనవసరం లేదు.

ఇంకొక మాట. మీరు “మైనస్ 42” అని రాసిన రోజున నిజమైన ఉష్ణోగ్రత మైనస్ 31 అయి ఉంటుంది. మైనస్ 42 అన్నది గాలి చలి లెక్క (విండ్ చిల్), మనిషి చర్మానికి సంబంధించినది. గాలి కారును త్వరగా చల్లబరచగలదు గాని, చుట్టూ ఉన్న ఉష్ణోగ్రత కన్నా కిందికి దించలేదు. ఫోనులో కనిపించే రెండు అంకెల్లో బండికి వర్తించేది నిజమైన ఉష్ణోగ్రతే. దీనివల్ల మీ కష్టం తీరదు, కానీ ఏ రాత్రి భయపడాలో ఏ రాత్రి అక్కరలేదో తెలుస్తుంది.

ఇక మామగారి సలహా. ఆయన్ను తప్పుపట్టకండి, ఏలూరు లెక్కలో ఆయన మాటకు అర్థం ఉంది. మన వైపు బ్యాటరీని చంపేది ఎండ. వేడి లోపలి పలకలను తినేస్తుంది, నీరు ఇగిరిపోతుంది. అందుకే పాత లారీ డ్రైవర్లకు డిస్టిల్డ్ వాటరు సీసా మీద అంత పట్టింపు. తమాషా ఏమిటంటే విన్నిపెగ్‌లో కూడా బ్యాటరీని అరగదీసేది చాలావరకు వేసవే. చలి వచ్చి ఆ అరుగుదలను బయటపెడుతుంది. కానీ రాత్రిపూట పది నిమిషాలు నడిపి ఆపేయడం మీ బ్యాటరీకి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తోందని నా అభిప్రాయం. నిలబడి ఉన్న ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది, ఆల్టర్నేటరు తక్కువ కరెంటు పుట్టిస్తుంది. ఆ పది నిమిషాల్లోనే మీరు వేడిగాలి ఫ్యాను, వెనక అద్దం హీటరు, సీటు హీటరు, హెడ్‌లైట్లు అన్నీ వేస్తారు. వాటి వాటా పోగా మిగిలేది కొంచెం. ఆ కాస్తను కూడా గడ్డకట్టుకుపోతున్న బ్యాటరీ చాలా నిదానంగా లోపలికి తీసుకుంటుంది. ఈలోగా మీరు మళ్లీ ఒక చల్లటి సెల్ఫ్ కొట్టి ఉంటారు. చలిలో ఆ కొన్ని క్షణాలకే నూటయాభై రెండువందల ఆంపియర్లు లాగడం మామూలు. పైగా ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే లోపల తేమ చేరి ఆయిల్‌లో కలుస్తుంది. పగలు కూడా మీ ప్రయాణం పోను తొమ్మిది నిమిషాలు, రాను తొమ్మిది నిమిషాలు. అంటే మీ బ్యాటరీ రెండు నెలలుగా రోజూ జీతం కన్నా ఎక్కువ ఖర్చు చేస్తూ బతుకుతోంది. కనుక ఈ రాత్రి నుంచే ఆ అలారాలు ఆపేయండి. మామగారితో “మీరు చెప్పింది లారీకి సరే, ఇక్కడ ఈ చిన్న కారుకు వేరే ఏర్పాటు ఉందట” అంటే ఆయన చిన్నబుచ్చుకోరు; అదేమిటో చెప్పమని అడుగుతారు కూడా.

ఆ వేరే ఏర్పాటే మీ వారు కట్టేసిన నల్లటి తీగ. అది ఊడిపోయినది కాదు. అది బ్లాక్ హీటరు తీగ. ఇంజను దిమ్మలో కూలెంటు నీటిని వెచ్చబెట్టే చిన్న విద్యుత్ కడ్డీ ఒకటి అమర్చి ఉంటుంది, మన ఇళ్లలో బకెట్టులో వేసే హీటరు లాంటిదే. ఈ ఊళ్లకు ఇదేమీ కొత్త కాదు. విన్నిపెగ్‌కు దక్షిణంగా, సరిహద్దు దాటితే వచ్చే నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌కు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన ఇలాంటి హీటరుకు 1949లోనే పేటెంటు తీసుకున్నారు. బ్రాంప్టన్ వైపు చలి ఇంతగా ఉండదు కాబట్టి దాన్ని వాడేవాళ్లు తక్కువ. నాలుగేళ్లు అక్కడ ఉన్నవారికి తెలియకపోవడంలో వింతేమీ లేదు. విన్నిపెగ్‌లో పార్కింగు స్థలాల ముందు వరుసగా కనిపించే కరెంటు స్తంభాలు ఇందుకే. “ప్లగ్గున్న చోటుకు నెలకు 35 డాలర్లు ఎక్కువ అడిగారు, మాకు ఎలక్ట్రిక్ కారు లేదు కదా అని వద్దన్నాం” అని మీరు రాసిన వాక్యం చదివి నేను కాసేపు నవ్వుకున్నాను, కోపగించకండి.

ఈ హీటరు విషయంలో నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి. రాత్రంతా పెట్టనవసరం లేదు, బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలు చాలు. టైమరు పెట్టుకుంటే మీరు లేవనక్కరలేదు. చిన్న కార్లలో ఇది సుమారు 400 వాట్లది ఉంటుంది, నాలుగు గంటలకు 1.6 యూనిట్లు, విన్నిపెగ్ ఉన్న మానిటోబా రాష్ట్రంలో యూనిట్ ధర సుమారు పది సెంట్లు కనుక ఆ ఖర్చును లెక్కలోకి కూడా తీసుకోనక్కరలేదు. ఎక్స్‌టెన్షన్ తీగ మాత్రం బయట వాడటానికి చేసిన, మందపాటి, మూడు పిన్నులది అయి ఉండాలి. ఇంట్లో దీపానికి వాడే సన్నటి తీగ చలికి పెళుసెక్కి పగులుతుంది, వేడెక్కి ప్రమాదం తెస్తుంది. నాలుగోది, అది పనిచేస్తోందో లేదో ముందే చూసుకోవాలి. చాలా కార్లలో ప్లగ్గు పెట్టిన ఒకటి రెండు నిమిషాలకు ఇంజను దగ్గర చెవి పెడితే, పెనం మీద తడి ఆరుతున్నట్టు సన్నగా సుయ్‌మంటుంది. వినబడకపోతే మెకానిక్కు మీటరుతో నిమిషంలో తేలుస్తారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఈ హీటరు బ్యాటరీని ఛార్జి చేయదు. ఇంజనును వెచ్చబెట్టి బ్యాటరీ మీద పడే బరువును తగ్గిస్తుంది, అంతవరకే.

కాబట్టి బ్యాటరీ పరీక్ష తప్పదు, కానీ సరైన వేళలో. ఇరవై ముప్పై డాలర్ల మల్టీమీటరు ఒకటి కొనండి. బండిని రాత్రంతా బయట ఉంచి, ఉదయం తలుపు తీయకముందే, బానెట్ ఎత్తి రెండు టెర్మినళ్ల మధ్య వోల్టులు చూడండి. 12.6 వరకు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం; 12.0 దగ్గరికి వచ్చిందంటే అడుగంటినట్టే. తరువాత సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఒకరు మీటరును గమనించాలి, అప్పుడది 9.6 కన్నా బాగా కిందికి జారిపోతే బ్యాటరీకి మోసే బలం లేదని తెలుస్తుంది, అయితే ముప్పై డిగ్రీల చలిలో కొత్త బ్యాటరీ కూడా కొంత జారుతుంది కనుక ఈ అంకెను ఒక్కదాన్నే నమ్మకండి. ఇంజను నడుస్తుండగా 13.7 నుంచి 14.7 మధ్య చూపిస్తే ఆల్టర్నేటరు తన పని తాను చేస్తున్నట్టే. ఆ ఒక్క అంకెతో మీకు చెప్పిన ఖర్చులో సగం తేలిపోతుంది. ఆ తరువాత బ్యాటరీ దుకాణానికి వెళ్లి, సీసీఏ కొలిచి చెప్పమనండి. బ్యాటరీ పైన సీసీఏ అని ఒక అంకె ముద్రించి ఉంటుంది. మైనస్ 18 డిగ్రీల్లో 30 సెకన్ల పాటు, వోల్టేజీ 7.2 కన్నా పడిపోకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పే అంకె అది. ముద్రించినది 550 ఉండి కొలిస్తే 300 వచ్చిందనుకోండి, ఇక మాట్లాడుకోవలసింది ఏమీ లేదు.

మీటరు పెట్టేటప్పుడే టెర్మినళ్లను కూడా చూడండి. తెల్లగానో ఆకుపచ్చగానో పొడి పేరుకుని ఉంటే, చేత్తో తిప్పితే బిగింపు కదిలితే, నేరస్థుడు అక్కడే దొరికినట్టు. వంటసోడా నీళ్లతో, పాత పళ్లబ్రష్షుతో రుద్ది, తుడిచి ఆరబెట్టి, గట్టిగా బిగించండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. అద్దానికి పెట్టుకున్న డ్యాష్‌క్యామ్ కారు ఆపాక కూడా రికార్డు చేస్తోందేమో చూడండి, అది రాత్రంతా చుక్క చుక్కగా తాగేస్తుంది. ఇంకో చిన్న సంగతి, ముందు అద్దం మూల ఉన్న స్టిక్కరు మీద ఆయిల్ ‘10డబ్ల్యూ-30’ అని ఉందని రాశారు. కారుతో వచ్చిన పుస్తకంలో ఏముందో చూడండి. ఆ ఏడాది చిన్న కార్లలో చాలావాటికి 0డబ్ల్యూ-20 గాని 5డబ్ల్యూ-20 గాని రాసి ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో అంత పలుచగా ఉంటుంది: 10 రకాన్ని మైనస్ 25 దగ్గర, 5 రకాన్ని మైనస్ 30 దగ్గర, 0 రకాన్ని మైనస్ 35 దగ్గర ఇంజను తిప్పే పరీక్షకు నిలబెడతారు. మీ కారు మైనస్ 25 దగ్గరే మొరాయించడం మొదలుపెట్టిందన్న మాట గుర్తుందా? ఇది కాకతాళీయమే కావచ్చు. కానీ ఎలాగూ ఆయిల్ మార్చే రోజు వస్తుంది, వచ్చినప్పుడు సరైనది పోయించుకోండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, నెలకు 35 డాలర్లు పెట్టి ప్లగ్గున్న చోటుకు మారి, బ్యాటరీ పరీక్షలో తేలితే దాన్నీ మార్చడం. కొత్త బ్యాటరీ, బిగించే కూలీతో కలిపి సుమారు 200 నుంచి 300 డాలర్ల మధ్య ఉంటుంది. సీసీఏ పాతదాని కన్నా తక్కువ కాకుండా, ఎక్కువైనా ఫరవాలేదనుకుని తీసుకోండి, కొలత మాత్రం కారుకు సరిపోవాలి. నా మొగ్గు ఇటువైపే, దాచుకోను. రెండోది, చోటు మారకుండా బ్యాటరీ మాత్రం మార్చడం. ఇది ఈ చలికాలం గట్టెక్కించవచ్చు, కానీ తొమ్మిది నిమిషాల ప్రయాణాలు అలాగే ఉంటాయి కనుక, వారానికొకసారి ఊరి చుట్టూ ఉన్న పెరిమీటర్ హైవే మీద ముప్పావుగంట తిప్పుకు రావడమో, ఛార్జరు కొని నెలకు రెండుసార్లు రాత్రంతా పెట్టడమో మీ నెత్తిన పడుతుంది. ఛార్జరుకు మళ్లీ ప్లగ్గు కావాలి. మూడోది మెకానిక్కు చెప్పిన పని. సీసీఏ నిండుగా వచ్చి, టెర్మినళ్లు శుభ్రంగా ఉండి, అప్పటికీ అదే చప్పుడు వస్తే ఆ దారి న్యాయమే, అప్పుడు కూడా స్టార్టరు ఎంత కరెంటు లాగుతోందో కొలిచి చూపించమని అడగండి.

నాలుగోది మీ వారి మాట, కొత్త కారు. ఆయన విసుగు నాకు అర్థమవుతుంది. రాత్రి రెండింటికి మంచులో చెప్పులు వేసుకుని దిగిన మనిషికి అప్పు తియ్యగానే కనిపిస్తుంది. కానీ కొత్త కారులో ఉండేదీ 12 వోల్టుల బ్యాటరీయే, అది నిలబడేదీ అదే ప్లగ్గు లేని చోటే, తిరిగేదీ అదే తొమ్మిది నిమిషాలే. రెండు మూడు చలికాలాలు బాగా లేస్తుంది, నిజమే. ఆ తరువాత మీరు ఇదే ఉత్తరం ఇంకా మూడేళ్ల వాయిదాలు మిగిలి ఉండగా రాస్తారు. కారుకు వేరే పెద్ద జబ్బులుంటే, కుటుంబానికి చిన్నదైపోతే అది వేరే లెక్క. ఆ నిర్ణయం వేసవిలో, నిద్ర సరిపోయిన రోజున, ఇద్దరూ కూర్చుని చేయండి. మైనస్ 31లో కాదు.

ఉద్యోగం మాత్రం పరీక్షలు తేలేదాకా ఆగదు. ముందురోజు సాయంత్రం ఎనిమిదింటికి మరునాటి ఉష్ణోగ్రత చూసి, మైనస్ 25 కన్నా తక్కువ ఉంటే అప్పుడే నిర్ణయించుకోండి: బస్సా, తోటి ఉద్యోగి కారా అని. తెల్లవారి 6:35కి నిర్ణయించుకోవడమే ఇప్పటిదాకా మిమ్మల్ని ముంచింది. పై అధికారికి క్షమాపణ కన్నా ప్రణాళిక ఎక్కువ నచ్చుతుంది. “ఫలానా తేదీన బ్యాటరీ పరీక్ష, ఫలానా తేదీ నుంచి ప్లగ్గు చోటు, ఈలోగా చలి రోజుల్లో బస్సులో వస్తాను” అని మూడు వాక్యాలు రాసి ఇవ్వండి. ఆగిపోయిన బండ్లకు సాయం పంపే సంస్థ సీఏఏ మానిటోబాలో సభ్యత్వం తీసుకోవడం మంచిదే, కానీ ఊరంతా గడ్డకట్టిన ఉదయం అందరూ వాళ్లకే ఫోను చేస్తారు, గంటలు పట్టవచ్చు. వంద నూటయాభై డాలర్లకు దొరికే లిథియం జంప్ స్టార్టరు (ఇంకో బండి లేకుండానే కారును లేపే చిన్న బ్యాటరీ పెట్టె) మీకు ఇంకా ఎక్కువ అక్కరకొస్తుంది. దాన్ని కారులో వదిలేస్తే అదీ చలికి నీరసించిపోతుంది, ఇంట్లోనే ఉంచి ఉదయం చంకన పెట్టుకుని దిగండి.

పెద్దాయన మాట గురించి. ఆ ప్రాంతంలో ఒకరి బండికి ఒకరు ‘బూస్ట్’ ఇవ్వడం, మన ఊళ్లో పక్కింటివాళ్లకు చేద ఇవ్వడం లాంటిది; దాన్ని ఎవరూ ఉపకారంగా లెక్కపెట్టుకోరు. “ఎవరికైనా చూపించండి” అన్నది విసుగు కాదు, మీకు తెలియదేమోనని చెప్పిన మాట. ఇప్పుడు బ్లాక్ హీటరు గురించి ఆయన్నే అడగండి, అరగంట ఆనందంగా చెబుతారు. ఆయన కేబుళ్లు తగిలించేటప్పుడు వరుస కూడా గమనించండి: ఎర్రది ముందు మీ బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస ఆయన బ్యాటరీ ప్లస్‌కు, నల్లది ఆయన మైనస్‌కు, చివరి కొస మీ ఇంజను మీద రంగు లేని లోహానికి, బ్యాటరీకి దూరంగా. తీసేటప్పుడు తిరగవరుస. సస్కటూన్‌లో నా మొదటి చలికాలంలో నేను ఎర్రదాన్నీ నల్లదాన్నీ తారుమారు చేసి పెద్ద ఫ్యూజు కాల్చుకున్నాను. చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు, ఒక్కరూ నవ్వలేదు, ఆ నవ్వకపోవడమే ఎక్కువ సిగ్గనిపించింది. పూర్తిగా అడుగంటిన బ్యాటరీ లోపల గడ్డకట్టగలదు. పక్కలు ఉబ్బి కనిపిస్తే గాని, పగులు కనిపిస్తే గాని దానికి బూస్ట్ ఇవ్వకూడదు, పేలవచ్చు. పది సెకన్లకు మించి ఒక్కసారి సెల్ఫ్ కొట్టకండి, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగండి. పొగగొట్టం చుట్టూ మంచు పేరుకుని ఉంటే తీసేదాకా బిడ్డను లోపల కూర్చోబెట్టి ఇంజను నడపకండి.

చివరగా మీ అన్నయ్య. మీరే ఒకచోట రాశారు, ఆయన ఉండే భవనంలో కింద వెచ్చటి పార్కింగు ఉందని, అందుకే కారు కొత్తదానిలా మెరుస్తోందని. ఆలోచించండి. ఆ కారు ఆయన దగ్గర రాత్రుళ్లు ఏ రోజూ మైనస్ 30లో నిలబడలేదు. బ్యాటరీ ముసలిదైందని ఆయనకు చెప్పేవారెవరు? అమ్మినది ఆగస్టులో, ఆ నెలలో ఏ బ్యాటరీ అయినా లేస్తుంది. చేతులు మారేటప్పుడు మీకొచ్చిన భద్రతా తనిఖీ పత్రం బ్రేకులు, స్టీరింగు, లైట్ల వంటివి చూస్తుంది గాని, జనవరి తెల్లవారుజామున సెల్ఫ్ అందుకుంటుందా అని చూడదు. ఆయనకు నిజంగా తెలిసి దాచి ఉండే అవకాశం లేదని నేను ప్రమాణం చేయలేను. కానీ 250 డాలర్ల బ్యాటరీ కోసం ఎదురు నిలబడి అడిగితే, ఆయన ఇవ్వనూ వచ్చు. ఇచ్చాక మీ రెండు ఇళ్ల మధ్య ఆ నోట్లు ఎప్పుడూ బల్ల మీద ఉన్నట్టే ఉంటాయి. అడగకుండా లోపలే ఉంచుకుంటే ప్రతి పండగకూ తలనొప్పి వస్తుంది. మధ్యలో ఒక దారి ఉంది. ఫోను చేసి నిందలేమీ లేకుండా రెండే ప్రశ్నలు అడగండి: బ్యాటరీ ఎప్పుడు మార్చారు, బ్లాక్ హీటరు ఎప్పుడైనా వాడారా? రెండోదానికి “ఆ తీగ దానిదా?” అని ఆయన ఎదురు ప్రశ్న వేస్తే మీ అనుమానం అక్కడితో తీరుతుంది. నీళ్లు నమిలితే, అది కూడా సమాధానమే. అప్పుడు ఎంత దూరంలో ఉండాలో మీరు నిర్ణయించుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇది మీకు మొదటి వారంలోనే అవసరపడుతుంది. రాత్రి ప్లగ్గు పెట్టాక, తీగను ఒకసారి డ్రైవరు వైపు అద్దం మీదుగా తిప్పి వేయండి. ఉదయం చీకట్లో తలుపు తీసేటప్పుడు అది చేతికి తగలాలి. లేకపోతే ఏడింటి తొందరలో ప్లగ్గు పీకకుండానే బయలుదేరుతారు, ఎక్స్‌టెన్షన్ తీగ మంచులో పాములా మీ వెనకే సంరక్షణ కేంద్రం దాకా వస్తుంది.